గుడ్డు ఒకటి తక్కువ

చర్చి వెనక, మెట్ల కింద, రికార్డు గది ఉంది. ఒక కిటికీ, దాని కింద బల్ల, గోడల వెంట ఇనప అరలు. అరల్లో బాప్తిస్మాల పుస్తకాలు, పెళ్ళిళ్ళ పుస్తకాలు, కానుకల పుస్తకాలు, రసీదులు చించి ఇచ్చాక మిగిలిన కౌంటర్‌ఫాయిళ్ళు ఉన్నాయి. ఎండ తగలని గోడ వైపు అట్టపెట్టెలు. సంఘంలోని కుటుంబాలు తమ పెద్దవాళ్ళ ఉత్తరాలు, డైరీలు, ఫొటోలు తెచ్చి ఇస్తే వాటిలో దాస్తారు.

ఆ గదిని నలభై ఏళ్ళు చూసిన ఆయన్ని అందరూ తాళం మాస్టారు అంటారు. ఆయన బళ్ళో ఎప్పుడూ పాఠం చెప్పలేదు. మందలించే తీరు వల్ల వచ్చిన పేరది. గదిలోకి వచ్చేవాళ్ళు సంచి గుమ్మం బయట పెట్టాలి. పెన్ను బయట పెట్టాలి. లోపల పెన్సిలే వాడాలి, సిరా మరక పడితే పోదు కనక. చేతులు కడుక్కుని రావాలి. ఒకసారికి ఒక పెట్టే తీసుకోవాలి. వేలు తడి చేసుకుని పేజీ తిప్పితే ఆ రోజుకి చూడటం అయిపోయినట్టే. పాస్టరుగారికి కూడా ఒకసారి అలా అయిపోయింది.

ఇప్పుడు గది బాధ్యత ఆయన చెల్లెలి కూతురిది. మామయ్య దగ్గరే పని నేర్చుకుంది. మామయ్య రోజూ పొద్దున్నే వచ్చి మూల స్టూలు మీద కూర్చుంటాడు. సాయం చేద్దామని వస్తున్నానంటాడు. తప్పులు పట్టడానికి వస్తున్నాడని ఆమె అంటుంది. రెండూ నిజమే.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఆమె ముందు చూపించేది ఒక కానుకల పుస్తకం. ఆ రోజుల్లో డబ్బు లేనివాళ్ళు ఉన్నదే ఇచ్చేవాళ్ళు. నూనె, కోళ్ళు, చెక్క పలకలు, రెండు రోజుల కూలిపని, అన్నీ పుస్తకంలో ఎక్కేవి. ఒక పేజీలో మామయ్య కుర్రతనపు దస్తూరీలో ఇలా ఉంటుంది: "ఆసుపత్రికి పంపవలసిన గుడ్లు ఆరు డజన్లు. పంపినప్పుడు లెక్కించగా గుడ్డు ఒకటి తక్కువ. విచారణలో ఉంది."

వచ్చినవాళ్ళు నవ్వుతారు. మూల నుంచి ఆయన నవ్వడు.

"విచారణ ఇంకా పూర్తి కాలేదు" అంటాడు.

ఎండ తగలని గోడ మీద, కింది అరలో, ఒక పెట్టె మీద లక్క సీలు ఉంది. అది ఆయన భార్యది. నాలుగేళ్ళ కిందట ఆవిడ పోయింది. ఆ తర్వాత వారం లోపే ఆయన ఆవిడ ట్రంకుపెట్టెలోంచి ఉత్తరాల కట్టలు తీసి అట్టపెట్టెలో పెట్టాడు. కట్టు విప్పలేదు, పైన ఉన్నదాన్ని కిందికి మార్చలేదు. వచ్చిన కాగితం వచ్చిన వరసలోనే ఉండాలన్నది ఆ పనిలో మొదటి పాఠం. చీటీ అంటించి, దారం చుట్టి, ముప్పై ఏళ్ళు తెరవకూడదని సీలు వేశాడు.

ముప్పై ఏళ్ళ నిబంధన కూడా ఆయన పెట్టిందే. ఒకప్పుడు ఒక ఇంటి ఉత్తరాలు ఎవరడిగితే వాళ్ళకి చూపించేవారు. అన్న భార్య గురించి తమ్ముడు రాసిన ముక్క అన్న కంటపడింది. ఆ అన్నదమ్ములు ఆ తర్వాత ప్రార్థనకి కూడా వేరువేరు పూట వచ్చేవారు. అప్పట్నించి బతికున్నవాళ్ళ ప్రస్తావన ఉన్న కాగితాలకి సీలు తప్పనిసరైంది. సీలు ముందే విప్పాలంటే పెట్టె ఇచ్చినవాళ్ళు కమిటీకి సిరాతో అర్జీ రాసి, కారణం చూపించాలి. వచ్చిన అర్జీలన్నిటి మీదా మాస్టారు అభ్యంతరం రాశాడు. ఒక్కటీ నెగ్గలేదు. తన ఇంటికో నీతి, ఊరికో నీతి ఉండకూడదని తన భార్య పెట్టెకీ సీలు వేశాడు.

వేసిన మర్నాడే మరదలు వచ్చింది. భార్యకి ఒక్కతే చెల్లెలు. నర్సుగా వేరే ఊళ్ళో పాతికేళ్ళ పైన పనిచేసి, రిటైరై, చర్చికి రెండు వీధుల అవతల ఉంటోంది. బావతో మొదట్నించీ నువ్వు అనే చనువు.

"బావా, అక్క దగ్గర నేను రాసిన ఉత్తరాలుంటాయి. అవి నాకిచ్చెయ్" అంది.

"సీలు పడింది. ముప్పై ఏళ్ళ తర్వాత రా."

ఆవిడకి అప్పటికే డెబ్భై దాటాయి.

"అప్పటికి నా ఎముకలు కూడా నీ అరల్లోకే వచ్చేస్తాయిలే బావా. వాటికీ ఒక నంబరు రాసిపెట్టుకో."

ఆ తర్వాత వాళ్ళిద్దరికీ మాటల్లేవు. చర్చిలో ఆవిడ రెండో వైపు కూర్చుంటుంది.

ఒక రోజు పొద్దున మామయ్య స్టూలు దగ్గరికి పోలేదు. చేతులు కడుక్కుని, పెన్ను గుమ్మం దగ్గర పెట్టి, వచ్చినవాళ్ళు నుంచునే చోట, బల్ల ముందు నుంచున్నాడు. పెట్టె చూడాలని కోరే కాగితం నింపి తెచ్చాడు. మేనకోడలు చదివింది.

"మామయ్యా, ఇది అత్తయ్య పెట్టె."

"తెలుసు. నంబరు నేనే వేశాను."

"సీలుంది కదా."

"ఉంది. తిరస్కరించు. కారణం రాసి సంతకం పెట్టు. తేదీ మర్చిపోకు."

ఆమె తిరస్కరించింది. ఆయన ఆ కాగితం తీసుకుని, కారణం సరిగ్గా రాసిందో లేదో చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు గానీ స్టూలు మీద కూర్చోలేదు. కూర్చున్నాక కూడా ఆ రోజు ఒక్క తప్పూ పట్టలేదు. అది చూసి ఆమెకి భయం వేసింది.

మధ్యాహ్నం అడిగింది. ఆయన చెప్పడానికి చాలాసేపు పట్టింది. భార్య మాటలు గుర్తున్నాయట. మాట అన్న తీరు పోతోందట. ఎక్కడ ఆపేది, ఎక్కడ సాగదీసేది, నవ్వు మాటకి ముందు వచ్చేదా వెనకా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క రోజు కూడా విడిగా లేరు కాబట్టి ఆయనకి ఆవిడ ఉత్తరం రాసింది లేదు. ఒకే కప్పు కింద ఉన్న మనిషికి ఉత్తరమెందుకు? చెల్లెలికి మాత్రం ప్రతి ఆదివారం రాసేది. భోజనాలయ్యాక బల్ల దగ్గర కూర్చుని, ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, రాస్తూ రాస్తూ తనలో తను నవ్వుకునేది. ఏం రాస్తున్నావని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవకూడదు. ఇప్పుడు ఆ పెట్టె తెరిస్తే ఆవిడ నోటి మాట మళ్ళీ వినిపిస్తుందని ఆయన ఆశ. సీలు గడువు తీరడానికి ఇంకా ఇరవయ్యారేళ్ళుంది. ఆయనకి ఎనభై నిండాయి.

మేనకోడలు లేచి చెంగు సర్దుకుంది.

"నేను టీకి వెళ్తున్నా మామయ్యా. తాళంచెవి సొరుగులో ఉంది. అరగంట దాకా రాను."

వీధి మలుపు తిరిగేసరికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఆయనే. గదికి తాళం వేసి, చెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"చెవి వదిలేసి గది దాటకూడదని నీకు మొదటి రోజే చెప్పాను" అన్నాడు. టీ డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చాడు.

కమిటీకి అర్జీ పెట్టమని ఆమె మర్నాడు పోరింది. పెట్టె ఇచ్చింది ఆయనే కదా, హక్కుంది కదా అని.

"కారణం అన్న చోట ఏం రాయమంటావు? ముసలాడికి బెంగగా ఉందనా?"

అలాంటి కారణాలతో వచ్చిన అర్జీలు ఆ గదిలోనే ఒక ఫైలు నిండా ఉన్నాయి. అన్నిటి మీదా ఆయన అభ్యంతరాలున్నాయి.

తర్వాతి వారం ఒక వడ్రంగి వచ్చాడు. చర్చి పెద్ద తలుపుకి పలకలిచ్చింది వాళ్ళ తాత అని ఇంట్లో చెప్పుకుంటారట. తలుపు బాగుచేసే పని ఇప్పుడు తనకే వచ్చిందట. పని మొదలుపెట్టే ముందు ఆ మాట నిజమో కాదో తెలుసుకోవాలన్నాడు. మేనకోడలు రసీదు పుస్తకం వెతికి, కౌంటర్‌ఫాయిలు తీసి బల్ల మీద పెట్టింది. తాత పేరు, తలుపు పలకలు నాలుగు, కింద వేలిముద్ర. వడ్రంగి కాగితం అంచు చూశాడు. చించిన గుర్తు ఉంది.

"ఇది సగమే కదమ్మా. మిగతా సగం ఏది?"

మూల నుంచి, తల తిప్పకుండా, మామయ్య జవాబిచ్చాడు.

"అది మీ ఇంట్లో ఉంటుంది నాయనా. మన దగ్గరికి వచ్చింది మన దగ్గరుంటుంది. మన చేత్తో ఇచ్చింది తీసుకున్నవాళ్ళ దగ్గరుంటుంది. నువ్వు ఇక్కడ ఎంత వెతికినా—"

అక్కడ ఆగిపోయాడు. చేతిలో పెన్సిలు అలాగే ఉంది. వడ్రంగి మిగతా మాట కోసం చూసి, రాకపోయేసరికి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి ట్రంకుపెట్టెలు వెతుకుతానని గుమ్మం దగ్గర అంటున్నది మేనకోడలికి వినబడింది.

"రసీదు ఎవరి దగ్గరుంటుంది?" అని మామయ్య అడిగాడు.

పరీక్ష పెడుతున్నాడనుకుంది. "తీసుకున్నవాళ్ళ దగ్గర."

"ఉత్తరం?"

ఆమె కింది అరలో ఉన్న పెట్టె వైపు చూసింది.

"నేనే వేశాను" అన్నాడు ఆయన. "ప్రతి సోమవారం, ఇక్కడికి వచ్చే దారిలో. పోస్టు డబ్బాలో పడిన చప్పుడు వినేదాకా కదిలేవాణ్ణి కాదు."

భార్య రాసిన ఉత్తరాలన్నీ తన చేత్తోనే పోస్టు చేశాడు. అవి ఇంట్లో ఎలా ఉంటాయి? ఇంటికి వచ్చినవి మరదలు రాసినవి. ట్రంకుపెట్టెలో ఉన్నవీ, సీలు వేసినవీ అవే. నలభై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి చెబుతున్న పాఠం తన ఇంటి కట్టల దగ్గరికి వచ్చేసరికి ఆయనకి గుర్తు రాలేదు. పైగా మరదలు ఆ రోజు మొహం మీదే చెప్పింది, నేను రాసినవి అని. ఆయనకి ఆ మాటలో నిబంధన తప్పడమొక్కటే వినిపించింది.

మేనకోడలు పెదవి కొరుక్కుంది. నవ్వు ఆగలేదు. బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి తలెత్తి చూస్తే మామయ్య కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"తవ్వుతున్నది ఒకచోట, నీళ్ళున్నది ఇంకోచోట" అన్నాడు. "నాలుగేళ్ళు."

మరదలి ఇంటికి వెళ్ళడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఒక రోజు వాన అన్నాడు. ఒక రోజు చెప్పు తెగింది. అడిగితే ఏమంటుందో అన్నాడు. ముప్పై ఏళ్ళాగి రమ్మంటుందని మేనకోడలు అంది.

"అంటే న్యాయమే" అన్నాడు ఆయన.

చివరికి ఒక సాయంత్రం ఆమె గదికి తాళం వేసి, ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్ళింది. మరదలిది మేడ మీద రెండు గదుల ఇల్లు. తలుపు తీసి, ఇద్దర్నీ చూసి, ఆవిడ పక్కకి తప్పుకోలేదు.

"రండి బావగారూ" అంది. పెళ్ళప్పటి నుంచీ ఆ నోట గారు అన్న మాట ఆయన వినలేదు. "ఏమిటి ఇలా దయచేశారు? నా ఎముకలకి నంబరు తెచ్చారా?"

ఆయన నుంచున్న చోటే ఉన్నదున్నట్టు చెప్పాడు. పెట్టెలో ఏముందో చూడకుండా సీలు వేశానన్నాడు. మీ అక్క ఉత్తరాలు అందులో ఉన్నాయనుకున్నానన్నాడు. అవి నీ దగ్గర ఉన్నాయని నలభై ఏళ్ళు ఈ పనిలో ఉన్నవాడికి తట్టలేదన్నాడు. ఒక్కటి చూపిస్తావా అని అడిగాడు. చెబుతున్నంతసేపూ గుమ్మం వైపే చూశాడు.

ఆవిడ మొహంలో ఏదో కదిలింది గానీ నవ్వు బయటపడనివ్వలేదు.

"సంచి బయట పెట్టండి" అంది.

ఆయన పెట్టాడు.

"జేబులో పెన్ను?"

పెన్ను తీసి గుమ్మం పక్కన గూట్లో పెట్టాడు.

"చేతులు కడుక్కోండి. సబ్బుతో. మోచేతుల దాకా. నేను నర్సుని, నీళ్ళు చిలకరించుకుంటే ఒప్పుకోను." తర్వాత మేనకోడలి వైపు తిరిగింది. "నువ్వు మామూలుగా రావే. నీకేం నిబంధనల్లేవు."

వంటింట్లో బల్ల ముందు ఆయన్ని కూర్చోబెట్టి, తువ్వాలు ఇచ్చి, చేతులు తుడుచుకునేదాకా పైనే నుంచుంది. ఉత్తరాలు ఆవిడ మందుల అలమారా కింది అరలో ఉన్నాయి. గుట్టగా ఉన్నాయి. ఏళ్ళ వరస లేదు, కట్టలు లేవు. మామయ్య లేవబోయి కూర్చున్నాడు.

"తేదీల వారీగా లేవే?" అని మాత్రం నోరు జారాడు.

"ఏది చేతికొస్తే అది చదువుకుంటాను. మా అక్క నాతో తేదీల వారీగా మాట్లాడేదా?" ఆవిడ గుట్టలోంచి ఒకటి తీసి, తిప్పి చూసి, వద్దనుకుని, ఇంకొకటి తీసింది. అది మాత్రం వెతికే తీసిందని మేనకోడలికి అనిపించింది. "ఒకసారికి ఒకటే. వేలు తడి చేశారో, ఈ రోజుకి సరి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం విప్పాడు. గట్టిగా చదవమంది ఆవిడ. ఆయన చదవడం మొదలుపెట్టాడు.

"చెల్లీ, నీ ఉత్తరం అందింది. జ్వరం తగ్గిందన్నావు, నమ్మాను, నువ్వు నర్సువి కదా, అబద్ధమైతే నీ ఖర్మ. ఇక్కడ మా తాళంకప్పకి వారం రోజులుగా తిండి సయించట్లేదు. ఏమిటంటావా? కానుకల గుడ్లలో ఒకటి తక్కువైందట. ఇల్లంతా వెతికాడు. మంచం కింద కూడా చూశాడు. కోడిపెట్ట దాచుకుందా అని అడిగాను, కోపం వచ్చింది. అసలు సంగతి నీకు చెబుతాను, కడుపులో పెట్టుకో. శనివారం ఇంట్లో ఏమీ లేకపోతే ఆ బుట్టలోంచే ఒకటి తీసి అట్టు వేసి పెట్టాను. ఆయనే తిన్నాడు. బావుందన్నాడు కూడా. సోమవారం ఒక గుడ్డు కొని కలిపేద్దామనుకున్నాను, ఈ లోపలే ఆదివారం లెక్కపెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు చెబుదామంటే జాలేస్తుంది. చెప్పానా, పుస్తకంలో రాస్తాడు."

చదవడం ఆపాడు. చివరి వాక్యం ఇంకోసారి, ఈసారి లోపల, పెదవులు కదుపుతూ చదివాడు. వంటింట్లో కుళాయి కారుతోంది. మేనకోడలు మామయ్య వైపు చూసింది. ఆయన ఉత్తరం బల్ల మీద పెట్టి, మడత మీద వేలితో నిమిరాడు.

"పుస్తకంలో రాయాలి" అన్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒక్కసారే నవ్వారు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకి ఒక క్షణం వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలియలేదు. తెలిశాక ఆయనా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నవ్వు ముందు వచ్చేది" అన్నాడు మేనకోడలితో. "మాట వెనక వచ్చేది. కోడిపెట్ట అన్న మాట ఇలాగే అంది, నవ్వేశాక."

మరదలు టీ పెట్టింది. ఉత్తరాన్ని ఆయన ముందు నుంచి తీసి దూరంగా పెట్టాకే కప్పు బల్ల మీద పెట్టింది. తర్వాతిది వచ్చే ఆదివారం అంది. అలా అయితే అన్నీ చదవడానికి ఎన్నేళ్ళు పడుతుందని ఆయన అడిగాడు. ముప్పై కన్నా తక్కువేలే అంది. సంచిలో మందుల చీటీ తెచ్చుకోమని, బీపీ చూస్తానని కూడా అంది.

టీ తాగాక ఆయన ఒక తెల్లకాగితం అడిగాడు. ఆవిడ కాగితం, పెన్సిలు తెచ్చిచ్చింది. రాయడం మొదలుపెట్టాడు. మేనకోడలు పక్కనుంచి చదివింది. రికార్డుల కమిటీకి అర్జీ. ఫలానా నంబరు పెట్టె సీలు గడువుకి ముందే విప్పాలని, అందులోని ఉత్తరాలు వాటిని రాసిన మనిషికి ఇచ్చివేయాలని కోరాడు. తను చూడటానికి అనుమతి అడగలేదు. కారణం అన్న చోట పెన్సిలు కాసేపు ఆగింది. తర్వాత రాశాడు: "పెట్టె ఇచ్చినవాడు లోపల ఎవరి మాటలున్నాయో తెలుసుకోకుండా ఇచ్చాడు. ఆ మాటలు రాసిన మనిషి అడిగితే వినలేదు."

"దీని మీద అభ్యంతరం ఎవరు రాస్తారు మామయ్యా?" అంది మేనకోడలు.

"రాసేవాడు ఇదిగో, ఇక్కడున్నాడు. తీరిక లేదట."

సంతకం పెట్టబోయి పెన్సిలు చివర చూసుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అర్జీ సిరాతో ఉండాలి. పెన్సిలుతో రాసినది చెల్లదని ఎంతమందిని వెనక్కి పంపాడో ఆయనకే తెలుసు. గుమ్మం వైపు చూశాడు. తర్వాత మరదలి వైపు చూశాడు. ఈ ఇంట్లో లోపలికి పెన్ను రాకూడదు. అడగడానికి నోరు రాలేదు.

మరదలు ఆ కాగితం తన వైపు తిప్పుకుని పైనుంచి కింది దాకా చదివింది. రెండోసారి చదివింది. కాగితం ఆయన వైపు తిప్పి, కుర్చీ వెనక్కి జరిపి లేచింది. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా నడిచింది. గూట్లోంచి పెన్ను తీసి, కొంగుతో తుడిచి, మూత విప్పి తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఇదిగో బావా. మరక పడితే పడిందిలే, నా బల్లే కదా" అంది.